ఉర్దూ టీచర్ పోస్టుకు మన పిల్లలు సిద్ధమేనా?

ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుతూ బిడ్డలను చదివించే తల్లులున్నారు. ఆత్మకూరు వైపు మదర్సాలో ఏళ్ల తరబడి చదివి, ఉర్దూలో మంచి పట్టున్న యువకులున్నారు. వీరి ఇళ్లకు టీచర్ ఉద్యోగం అందని చందమామ కాదు. అయితే దారి ముందే తెలిసి ఉండాలి.

మొదటి మెట్టు సర్టిఫికెట్లు. ఆలిమ్, ఫాజిల్ సనద్ ఎంత గౌరవమైనదైనా, దానితోనే సర్కారు బడిలో టీచర్ కాలేరు. ఆగిపోయినవారు ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి, ఇంటర్ పూర్తి చేయవచ్చు. అక్కడ ఉర్దూను తప్పక ఒక సబ్జెక్టుగా తీసుకోండి. ఇంటర్‌లో 50 శాతం తెచ్చుకుంటే చిక్కుండదు. ఆపై రెండేళ్ల డి.ఎల్.ఇడి. చదవాలి. బి.ఇడి. చేస్తే ఎస్.జి.టి. కూడా కావచ్చనుకునేవారు ఒక సంగతి గమనించాలి. ప్రాథమిక తరగతులకు బి.ఇడి. చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బి.ఇడి. వారికి స్కూల్ అసిస్టెంట్ పోస్టులే దారి.

రెండో మెట్టు టెట్. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. కనుక ఏ ప్రశ్ననూ వదలకండి. ఓ.సి.లకు 90, బి.సి.లకు 75 మార్కులు రావాలి. షేక్‌లు బి.సి.-ఇ, దూదేకుల వారు బి.సి.-బి కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బి.సి.-ఇలో లేవు. కుల ధ్రువపత్రం ముందుగానే తీసి పెట్టుకోండి.

ఎస్.జి.టి. పేపరులో శిశు వికాసం, ఉర్దూ, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం ఒక్కొక్కటి 30 మార్కులు. మదర్సా విద్యార్థికి భయం లెక్కలూ ఇంగ్లీషూనే. కానీ లెక్క వేసి చూడండి. ఉర్దూలో 24, శిశు వికాసంలో 24 తెచ్చుకుంటే 48. బి.సి. అభ్యర్థికి మిగిలిన మూడింటిలో, 90కి 27 చాలు. ఓ.సి.కి 42 కావాలి. అయితే గట్టెక్కితే చాలదు. డి.ఎస్.సి.లో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. ఒక్కో మార్కూ విలువైనదే.

కోచింగ్ కోసం దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని నెల్లూరుకు ఆడపిల్లను పంపలేని ఇల్లు నిరాశపడనక్కర లేదు. అయిదో తరగతి వరకు పాఠ్యపుస్తకాలు క్షుణ్ణంగా చదివించండి, ఆపై పదో తరగతి దాకా లెక్కలు, సైన్సు తిరగేయించండి. రోజుకో పాత ప్రశ్నపత్రం గడియారం పెట్టి రాయించండి. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి మౌస్ అలవాటు చేయించండి. ఒకసారి పాసైతే టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

ఉద్యోగంలో ఉన్న టీచర్లకూ ఒక మాట. పదవీ విరమణకు ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవారు రెండేళ్లలో టెట్ పాస్ కావాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆదేశించింది. మైనారిటీ విద్యాసంస్థల విషయాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించింది.

ఉర్దూ బడి నిలవాలంటే చదివే పిల్లలతో పాటు చెప్పే టీచరూ కావాలి. ఆ టీచర్ మన ఇంటి నుంచే రావాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తడం కాదు, ఈ రోజే పుస్తకం తెరవండి.