మస్టరు కూడా ఒక సాక్ష్యమే

అనంతపురం జిల్లా నార్పల మండలంలో బండ్లపల్లి ఒక చిన్న గ్రామం. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం అక్కడే ప్రారంభమైంది. వాన ముఖం చాటేస్తే వేరుశనగ ఎండిపోయి, కుటుంబాలు బెంగళూరు బాట పట్టే నేల ఇది. ముఠా కక్షల గాయాలు చూసిన నేల కూడా. ఇలాంటి చోట పేదవాని హక్కు పెత్తందారు దయగా మారిపోవడానికి ఎంతోకాలం పట్టదు.

ఆ చట్టం దయను తిరిగి హక్కుగా మార్చింది. కుటుంబానికి ఏడాదిలో 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్నది. అయితే పని చేయనివారి పేర్లు మస్టరులో చేరితే, చేసినవారి కూలి మధ్యలోనే మాయమైతే, చట్టం ఉండీ ప్రయోజనమేమిటి?

అందుకే మన రాష్ట్రంలో మస్టర్లు, కొలతలు, చెల్లింపులు కంప్యూటరుకెక్కాయి. కూలి తపాలా ఖాతాల్లో పడింది. తరువాత వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డులు వచ్చాయి. అనంతపురంతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాల్లో ఆర్థికవేత్తలు పరిశీలించగా, వీటివల్ల కూలి త్వరగా అందిందనీ, అక్రమాలు తగ్గాయనీ తేలింది.

కాని యంత్రమే న్యాయమూర్తి కాదు. పలుగూ పారా పట్టి వేలిముద్రలు అరిగిపోయిన వృద్ధురాలిని అది గుర్తించకపోవచ్చు. యంత్రం మాటే తుది మాటైతే, పాత పెత్తందారు పోయి కొత్త పెత్తందారు వచ్చినట్లే. అందుకే చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. లెక్కలను ఇంటింటికీ తీసుకువెళ్ళి, కూలీల మాటతో సరిచూసి, అందరి ఎదుట చదవడమే ఆ తనిఖీ. దీనికోసం 2009లో రాష్ట్రంలో ప్రత్యేక సంస్థ ఏర్పడింది.

ఈ ఆలోచన ముస్లింలకు కొత్తదేమీ కాదు. దివ్యఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ (అల్ బఖర: 282) అప్పు ఒప్పందాన్ని న్యాయంగా వ్రాయించి, సాక్షులను పెట్టుకోమని బోధిస్తుంది. చెప్పి వ్రాయించలేని బలహీనుని పక్షాన అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పి వ్రాయించాలంటుంది. వ్రాసేవానికీ, సాక్షికీ హాని కలగరాదని కూడా హెచ్చరిస్తుంది. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నది ప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశం. అలాంటప్పుడు దొంగ మస్టరు వ్రాయడం లెక్కల్లో పొరపాటు కాదు, అబద్ధపు సాక్ష్యం. అమానత్‌కు ద్రోహం.

మన ఇళ్ళలో సెల్‌ఫోను లేని పిల్లలు అరుదు. ఉపాధి పనికి వెళ్ళే నాయనమ్మ జాబ్ కార్డు వివరాలను వారు ఫోనులో చూసి, ఆమెకు చదివి వినిపించాలి. చేసిన రోజులకూ, పడిన రోజులకూ తేడా కనిపిస్తే గ్రామసభలో ఆమె ప్రక్కన నిలబడాలి. పొరుగింటి ఆమె ఏ మతస్థురాలైనా ఇదే సహాయం చేయాలి. న్యాయం కోసం సాక్ష్యమివ్వడం కూడా ఇబాదత్‌లో భాగమే.