నిలిపితే తుప్పు.. నడిపితే నిబంధన

వారాంతపు విహారానికి పాత కార్లు బయలుదేరడం వెనుక ఎంత కసరత్తు?

పాత కారు రోడ్డుమీదకంటే షెడ్డులోనే ఎక్కువగా పాడవుతుంది. నెలల తరబడి కదలని వాహనంలో పెట్రోలు ఆవిరై, అడుగున జిగురులాంటి పదార్థం మిగులుతుంది. అది కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. బ్రేకు సిలిండర్లలోని రబ్బరు కప్పులు గోడలకు అతుక్కుపోతాయి. బరువంతా ఒకేచోట మోసిన టైర్లు అక్కడ చదునెక్కుతాయి. ఇక ఎలుకలు తీగలను కొరకడం సరేసరి. అందుకే పాత కార్ల యజమానులు క్లబ్బులుగా ఏర్పడి ఏడాదికి కొన్నిసార్లయినా వారాంతంలో కుటుంబాలతో కలిసి దూరప్రయాణానికి బయలుదేరుతుంటారు. చూసేవారికి అది వినోదం. కారుకు మాత్రం అది వైద్యం.

అయితే ఈ ప్రయాణం మునుపటంత తేలిక కాదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు, ఆ తరువాత పెరిగిన రుసుములు, బంకుల్లో మారిన ఇంధనం, వేగం హెచ్చిన రహదారులు.. ఈ నాలుగింటినీ దాటుకుని వెళ్లాలి. తాతగారి కాలంనాటి ఫియట్‌నో, అంబాసిడర్‌నో కాపాడుకుంటూ వస్తున్న ఇళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. క్లబ్బులో సభ్యత్వం ఉన్నా లేకున్నా వీరందరికీ ఈ విషయాలు అవసరమే.

పందెం కాదు.. పలకరింపు

పాత కార్ల యాత్రల్లో ప్రపంచంలో అన్నిటికంటే పేరున్నది లండన్ - బ్రైటన్ పరుగు. మోటారు వాహనాలపై బ్రిటన్‌లో ఉన్న కఠినమైన ఆంక్షలు సడలిన సందర్భంగా 1896 నవంబరు 14న తొలి యాత్ర జరిగింది. 1927లో దానిని పునరుద్ధరించారు. 1905కు ముందు తయారైన వాహనాలకే అందులో ప్రవేశం. ముందెవరు చేరారన్నది అక్కడ లెక్కలోకి రాదు, గమ్యం చేరడమే ఘనత. మన దేశంలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో ప్రారంభించిన ర్యాలీ ఈ కోవలో పాతది. అందులో పలుమార్లు పాల్గొన్న 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక శకటానికి మన ప్రాంతంతో సంబంధం ఉంది. ఒకనాడు అది నిజాం స్టేట్ రైల్వేకు సేవలందించింది. ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చని రోల్స్‌రాయిస్‌ను చూసినవారికి నిజాంల మోటారు మోజు గురించి వేరే చెప్పనక్కరలేదు.

క్లబ్బుల వారాంతపు యాత్ర ఇంత ఆర్భాటంగా ఉండదు. పది పదిహేను కార్లు, వాటి యజమానులు, ఇంటిల్లిపాది, ఒకరిద్దరు మెకానిక్‌లు ఉంటే చాలు. ఒక పూట ప్రయాణం, మధ్యలో ఉపాహారం, గమ్యంలో భోజనం, రాత్రి బస, మరునాడు తిరుగు ప్రయాణం. దారిలో బానెట్ ఎత్తినచోటల్లా ఊరివారు గుమిగూడి తమ ఇంట ఒకప్పుడున్న కారు ముచ్చట చెప్పడం అదనపు కార్యక్రమం.

ఏది పాతది? ఏది ‘వింటేజ్’?

ఇక్కడే తొలి చిక్కు. ప్రాచీన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫివా’ ముప్పై ఏళ్లు నిండిన వాహనాన్ని చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది. వింటేజ్ అన్నమాటను మాత్రం 1919 - 1930 మధ్య తయారైనవాటికే వాడుతుంది. 2002 నాటి భారత మోటారు బీమా టారిఫ్‌లోనేమో 1940 డిసెంబరు 31కి ముందు తయారైన కారే వింటేజ్. కేంద్ర మోటారు వాహన నిబంధనల లెక్క మరొకటి. తొలి విక్రయానంతరం మొదటిసారి రిజిస్ట్రేషన్ జరిగిన తేదీనుంచి యాభై ఏళ్లు దాటాలి. సొంతానికే వాడాలి, వ్యాపారానికి కాదు. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండరాదు. ద్విచక్ర వాహనాలకూ ఇదే వర్తిస్తుంది.

అంబాసిడర్‌నే తీసుకుంటే, 1958లో ఉత్తరపరా కర్మాగారంనుంచి వెలువడిన తొలి కార్లు 2008 నాటికే యాభై ఏళ్లు దాటాయి. అదే కర్మాగారంలో 2014లో తయారైన చివరి కారు ఆ గీత దాటడానికి 2064 దాకా ఆగాలి. రెంటి రూపురేఖలూ చూపరులకు ఒక్కలాగే ఉంటాయి. నిబంధన దృష్టిలో ఒకటి వారసత్వ సంపద, మరొకటి పాతబడిన బండి.

దారి ఎంతవరకు?

2021 జులైలో వెలువడిన నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదైన వాహనానికి ప్రత్యేక సంఖ్య ఇస్తారు. రాష్ట్ర సంకేతాక్షరాల తరువాత ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి. ఇదివరకే రిజిస్టరైన కారు తన పాత సంఖ్యను నిలుపుకోవచ్చు. పాత నంబరు ప్లేటుపై మమకారం ఉన్నవారికి ఇది ఊరట. తొలి నమోదుకు రుసుము రూ.20 వేలు, చెల్లుబాటు పదేళ్లు. ఆపై పునర్నమోదుకు రూ.5 వేలు.

అసలు మెలిక వాడకంలో ఉంది. ఇలా నమోదైన వాహనం ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీకి, ఇంధనం నింపుకోవడానికి, మరమ్మతులకు, ఆయా ప్రదర్శనలకు వెళ్లి రావడానికి మాత్రమే రోడ్డెక్కాలి. నిత్య ప్రయాణానికి, కిరాయికి కుదరదు. మరి నలుగురు మిత్రులు కలిసి సాగర్ వెళ్లి భోంచేసి రావడం ర్యాలీయా, విహారమా? నిబంధనలో విహారం అన్నమాట లేదు. కనుక జట్టులో వింటేజ్ నమోదు కలిగిన కారు ఒక్కటున్నా యాత్రను ర్యాలీగానే ముందుగా ప్రకటించడం, వాహనాల జాబితా, మార్గం, తేదీలతో పోలీసు, రవాణా శాఖలకు లేఖ ఇచ్చి దాని ప్రతిని కార్లలో ఉంచుకోవడం విజ్ఞత. తనిఖీ జరిగినచోట వాదనకంటే కాగితం మేలు.

యాభై నిండని కార్లకు ఈ కట్టడి లేదు. పదిహేనేళ్ల తరువాత అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుంటూ ఎక్కడికైనా వెళ్లవచ్చు. కానీ ఆ రుసుము బరువెక్కింది. పదిహేనేళ్లు దాటిన కార్లకు 2022 ఏప్రిల్‌నుంచి రూ.5 వేలు చేశారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ.10 వేలుగా నిర్ణయించారు. దిగుమతి చేసుకున్న నాలుగు చక్రాల వాహనమైతే ఏకంగా రూ.80 వేలు. అంటే దేశీయ కారుకు పదేళ్లలో రెండు పునరుద్ధరణలకు రూ.20 వేలు అవుతుంది. వింటేజ్ తొలి నమోదు ఖర్చూ అంతే. మన ఫియట్, అంబాసిడర్‌లకు తొలి పదేళ్లలో మిగిలేది ఏమీ లేదు, పైగా స్వేచ్ఛ తగ్గుతుంది. విదేశీ కారు యజమానికి మాత్రం వింటేజ్ నమోదు స్పష్టంగా లాభం. యాభై దాటింది కదా అని హోదాకోసం తొందరపడేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

బంకులో కొత్త పరీక్ష

కాగితాలు సర్దుకున్నాక వచ్చేది పెట్రోలు. పాత ఇంజన్లకు ఇది రెండో గండం. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి ఒకటి నుంచి దేశమంతటా నిలిచిపోయింది. ఆ సీసం వాల్వు సీట్లను అరుగుదలనుంచి కాపాడేది. అది పోవడంతో చాలామంది ఇంజన్ విప్పించి గట్టి లోహపు సీట్లు వేయించుకున్నారు. ఇప్పుడు ఇథనాల్ వంతు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని మొదట 2030కి అనుకుని, 2025లోనే చేరుకున్నారు.

ఇథనాల్‌తో పాత కారుకు మూడు ఇబ్బందులు. ఆనాటి రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్, సీళ్లు దానికి తట్టుకోలేవు. ఉబ్బి, మెత్తబడి, చివరకు చిట్లుతాయి. వేడెక్కిన ఇంజన్‌పై పెట్రోలు చుక్కలు పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. రెండోది, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వాడకుండా నిలిపిన ట్యాంకులో నీరు చేరి అడుగున తుప్పు పడుతుంది. మూడోది, అందులో ప్రాణవాయువు ఉన్నందున ఇంజన్‌కు అందే మిశ్రమం పలచబడుతుంది. ఫలితంగా ఇంజన్ మామూలుకంటే వేడిగా నడుస్తుంది. కార్బురేటరులో కాస్త పెద్ద జెట్ వేయించడం, గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకానివి మార్పించడం యాత్రకు నెల ముందే ముగించవలసిన పనులు. బయలుదేరే ముందురోజు చేతిలో పెట్టుకోదగినవి కావు.

వేసవిలో మరో బెడద వేపర్ లాక్. ఇంజన్ పక్కనే ఉండే పంపు వేడెక్కి, లోపలి పెట్రోలు ద్రవరూపం వీడి ఆవిరవుతుంది. పంపు తోడుతున్నా ఇంధనం ముందుకు కదలదు. బండి గొణిగి ఆగిపోతుంది. తడిగుడ్డ పంపుపై వేసి పావుగంట ఆగడమే పాతకాలపు మందు. ఇప్పటికీ అదే పనిచేస్తోంది. క్లబ్బులు నవంబరు - ఫిబ్రవరి మధ్యనే యాత్రలు పెట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఏ దారి మంచిది?

హైదరాబాద్ వారికి నాగార్జునసాగర్ మార్గం అనువైనది. ఎల్బీనగర్ దాటి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. పెద్ద ఎక్కుళ్లు లేవు, ఆగడానికి ఊళ్లున్నాయి. గంటకు 45 కిలోమీటర్ల చొప్పున వెళ్లినా తెల్లవారి ఆరింటికి బయలుదేరితే, రెండుచోట్ల ఆగినా, పదకొండు లోపు చేరవచ్చు. డ్యాముకు శంకుస్థాపన జరిగింది 1955లో, ప్రారంభం 1967లో. స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులో తయారవడం మొదలైనది 1961లో. ఆ గేట్ల దగ్గర ఆ కార్లు నిలబడితే ఈడుజోడు కుదిరినట్లే ఉంటుంది.

విశాఖ వాసులకు భీమిలి తీరం రోడ్డు సులువు. అరకు మాత్రం ఆలోచించి వెళ్లవలసిన చోటు. ఎక్కేటప్పుడు రేడియేటరు మరుగుతుంది, దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఎక్కిన గేరులోనే దిగాలన్నది ఘాట్‌రోడ్డు డ్రైవర్ల పాత సూత్రం. బ్రేకుపై కాలు ఆనించి దిగేవారికి కింది మలుపుల్లో కాలి కింద పెడల్ మెత్తగా దిగిపోతుంది.

నాలుగు వరుసల రహదారిపై భయం వేరే రకం. వెనుకనుంచి వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సుకు ముందున్న కారు నలభైలో పోతోందని ఆఖరి క్షణం దాకా తెలియదు. ఆరు వోల్టుల బ్యాటరీ, డైనమో ఉన్న కార్ల లైట్లు ఇంజన్ నెమ్మదించగానే మసకబారుతాయి. చాలావాటికి సీటు బెల్టులు లేవు. చేతి సైగను అర్థం చేసుకునే డ్రైవర్లూ అరుదైపోయారు. కనుక చీకటి పడేలోపు బసకు చేరడం, పిల్లలను జట్టులోని కాస్త కొత్త కారులో కూర్చోబెట్టడం అవసరం. ఫోన్‌తో వీడియో తీస్తూ పక్కకు దూసుకొచ్చే ద్విచక్ర వాహనదారులకు దారి ఇచ్చి పంపడమే క్షేమం. వారిని వారించబోతే మన చూపు రోడ్డుమీదనుంచి తప్పుతుంది.

బారులో నడక

బాగా నడిచే క్లబ్బుల్లో అన్నిటికంటే నెమ్మదైన కారును ముందు నిలుపుతారు. దాని వేగమే అందరి వేగం. మలుపు వచ్చినచోట ప్రతివారూ వెనుక కారు కనబడేదాకా ఆగి, ఆ తరువాతే తిరగాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరూ తప్పిపోరు. చిట్టచివర మెకానిక్ ఉన్న బండి వస్తుంది. అందులో తాడు, నీళ్ల డబ్బాలు, ఫ్యాన్ బెల్టులు, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్లు, ఫ్యూజులు, రేడియేటరు గొట్టాలు ఉంటాయి. బ్యాటరీ మొరాయిస్తే హ్యాండిల్ తిప్పవలసి వస్తుంది. బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచి పట్టాలి. చుట్టి పట్టుకుంటే, ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది.

ఈ సంచిలోని సామాను వాడడం తెలిసిన చేతులు తగ్గిపోతుండడమే క్లబ్బులకు నిజమైన దిగులు. ఫీలర్ గేజ్ పెట్టి పాయింట్ల సందు సరిచేయడం, చెవితో విని కార్బురేటరు ట్యూన్ చేయడం కంప్యూటరు జోడించి లోపం కనిపెట్టే షెడ్డుల్లో నేర్పేవి కావు. విడిభాగాలైతే సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లోనో, హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులోనో ఓపికగా వెదికితే కొన్నయినా దొరుకుతాయి. మేస్త్రీ దొరకడమే కష్టం. కొన్నిచోట్ల యజమానులే యాత్రల్లో అతని పక్కన నిలబడి పని నేర్చుకుంటున్నారు. దారిలో ఆగిన బండి చుట్టూ జట్టంతా చేరడం సరదాకు మాత్రమే కాదు, ఒక విధంగా అది తరగతి గది.

తిరిగి వచ్చిన రాత్రే పని ముగిసిందనుకోరాదు. మరునాడు రేడియేటరు నీటి మట్టం, అడుగున చమురు మరకలు చూడాలి. నెలకు పైగా కదపబోమని తెలిస్తే బ్యాటరీ తీగ విప్పాలి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా చక్రాలకు అడ్డు పెట్టాలి. ట్యాంకులో మిగిలిన పెట్రోలును తోడి రోజూ వాడే బండిలో పోసేస్తే అది నిలవ ఉండదు.