మట్టిపని నైపుణ్యం కాదా?

శ్రీ సిటీలో కొత్త కర్మాగారానికి పునాది తీస్తున్న చోట, పక్కనే వేసిన రేకుల షెడ్డులో ఒక హాజరు పట్టీ ఉంటుంది. అందులో మనుషులు మూడు తరగతులు: నిపుణులు, అర్ధనిపుణులు, నైపుణ్యం లేనివారు. మూడవ జాబితాయే అన్నిటికంటే పొడవు. పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ బోధించే నేను విద్యార్థులను వెంటబెట్టుకొని ఇలాంటి పనిస్థలాలకు వెళ్తుంటాను. కూలి రేటు నిర్ణయించడానికి చేసుకున్న పరిపాలనా సౌకర్యమే ఈ వర్గీకరణ అని మా వృత్తిలో చాలామంది అభిప్రాయం. కులవ్యవస్థ తన పాత తీర్పును కొత్త కాగితం మీద తిరగరాసుకోవడమే ఇది అన్నది నా అభిప్రాయం.

బేల్దారు అన్న మాటనే తీసుకుందాం. పార పట్టినవాడు అని దాని పారశీక మూలార్థం. అనంతపురం, కడప ప్రాంతాల్లో బేల్దారి అంటే గోడ కట్టే పని; బేల్దారి మేస్త్రీ అంటే ఆ పనిలో ఆరితేరిన మనిషి. అదే మాట కేంద్ర ప్రజాపనుల శాఖ ధరల పట్టికలో నైపుణ్యం లేని కూలీకి పేరు. రాయలసీమలో పిలిచి పని అప్పగించే పేరు ఢిల్లీ పట్టికకు చేరేసరికి అట్టడుగు మెట్టయింది.

శ్రీ సిటీ విస్తరించిన సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలు తమిళనాడు సరిహద్దున ఉన్నవి కనుక ఇక్కడ కొత్తనారు, సిత్తాళు అన్న మాటలూ వినిపిస్తాయి. కొత్తనారు గోడ కట్టే మేస్త్రీ. సిత్తాళు అంటే అక్షరాలా చిన్న మనిషి. ఆచరణలో మాలు కలిపి, మోసి అందించే స్త్రీ. ముప్పై ఏళ్లు మాలు కలిపినా ఆమె చిన్న మనిషిగానే పని మానుకుంటుంది, చేతికి తాపీ రాదు. ఇసుకలో తడి ఎంత ఉంది, దాన్ని బట్టి నీళ్లెంత తగ్గించాలి, ఈ ఎండకు మాలు ఎంతసేపట్లో బిగుసుకుపోతుంది అన్నవి ఆమె చేతికి తెలుసు. మేము దానికే వర్కబిలిటీ అని పేరుపెట్టి పాఠం చెబుతాం, ప్రయోగశాలలో కొలిపిస్తాం, మార్కులు వేస్తాం.

ఇక మట్టిపని. గడ్డపార తగిలిన చప్పుడును బట్టి కింద గరుసు ఉందో, బంకమన్ను ఉందో చెప్పగల వడ్డె పెద్దలను నేను చూశాను. రాయి ఏ వాటున పగులుతుందో సమ్మెట ఎత్తకముందే వారికి తెలుస్తుంది. తవ్విన లోతుకు సాక్ష్యంగా నడుమ నడుమ మట్టి దిమ్మెలను తవ్వకుండా వదిలి, వాటి ఎత్తును బట్టి పని కొలిపించుకోవడం వారి పాత పద్ధతి. మా అంచనాల పాఠ్యగ్రంథంలో ఆ దిమ్మెకు డెడ్‌మన్ అని పేరు. చెరువులు తవ్విన, కట్టలు కట్టిన, రాళ్లు కొట్టిన ఈ వడ్డెరలు ఆంధ్రలో బీసీ-ఏ. పలమనేరు దాటి కర్ణాటకలో అడుగుపెడితే భోవి పేరుతో షెడ్యూల్డ్ కులం. చట్టం దృష్టిలో వారి స్థానం సరిహద్దు రాయి దగ్గర మారుతుంది కానీ, హాజరు పట్టీలో వారి వరుస మాత్రం రెండు వైపులా ఒక్కటే.

ఈ పనిని నైపుణ్యంగా గుర్తించడం మన నేలకు కొత్తేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెరువు కట్టించిన వైనం అందులో ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను ఆ శాసనం లెక్కించింది. జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు అందులో ఒక అంగమైతే, నిర్మాణ కళలో నేర్పు గల జనసమూహం మరొక అంగం. శాస్త్రం ఒకరికి, చేతిపని మరొకరికి అన్న విభజన అక్కడా స్పష్టంగానే ఉంది. దాన్ని నేను కీర్తించడం లేదు. అయినా వర్ణవ్యవస్థను ప్రశ్నించని ఆ రాజ్యం సైతం వారిని నేర్పరులని చెక్కించింది. రాజ్యాంగబద్ధ సమానత్వాన్ని చెప్పుకొనే మనం నైపుణ్యం లేనివారని రాస్తున్నాం.

భాష ఇంతటితో ఊరుకోలేదు. మట్టిపని, గోడపని చేసిన ఉప్పర కులం పేరు నేడు తెలుగులో పనికిమాలిన కబుర్లకు విశేషణం. ‘ఉప్పర మీటింగ్’ అని చదువుకున్నవారే నవ్వుతూ అంటారు. కళాశాల స్టాఫ్‌రూముల్లోనూ విన్నాను.

మేస్త్రీ అన్న పోర్చుగీసు మాటనూ, పరంజా, తాపీ అన్న మాటలనూ తెలుగు ఇముడ్చుకున్నది కట్టుబడి కూలీల నోటి మీదుగానే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాలు తలపెట్టి, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటాన్నీ, తర్వాత బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో వాస్తుపదాల సంపుటాన్నీ తెచ్చింది. నిట్టాడు, దూలం, దంతె, వాసం వంటి మాటల ప్రపంచం అది. ఆ శ్రమ పాఠ్యపుస్తకాల దాకా రాలేదు. తెలుగులో శాస్త్రం చెప్పవలసి వచ్చినప్పుడు మనం ప్రతిబలం, వికృతి అని సంస్కృతం వైపు వెళ్లాం. కొత్త భావనలకు కొత్త పదాలు అవసరమే. కానీ ఉన్న పనిముట్టుకు ఉన్న పేరును ఎందుకు వదులుకోవాలి? ఒక మౌఖిక పరీక్షలో స్పిరిట్ లెవెల్ చూపించి అదేమిటని అడిగితే, ఒక వడ్డెర విద్యార్థి వెంటనే ‘రసమట్టం సార్’ అన్నాడు. దానితో గచ్చు వాలు ఎలా చూస్తారో కూడా చెప్పాడు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ‘ఇది సైటు కాదు బాబూ, సాంకేతిక పదం చెప్పు’ అన్నారు. ఆ కుర్రవాడు ఆ తర్వాత నోరు తెరవలేదు.

ఇప్పుడు పెద్ద కట్టడాల్లో ఒడిశా, బీహార్, ఝార్ఖండ్ కూలీలే ఎక్కువ, ఇక కులమెక్కడిదని అడిగేవారున్నారు. వలస కులాన్ని రైలెక్కించి తెస్తుందే తప్ప దించిరాదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. తాపీ మేస్త్రీ, రాయి కొట్టేవారు, వడ్రంగి అందులో ఉన్నారు; సంతోషమే. మట్టి తవ్వేవారు లేరు. మాలు కలిపే స్త్రీ లేదు. పథకానికి పెట్టిన పేరే ఏ వృత్తులు కళలో, ఏవి కేవలం ఒళ్లు వంచే పనులో ముందుగా నిర్ణయించినట్టుంది.

వేతనాల సవరణ ప్రకటన ఈసారి వెలువడేటప్పుడు మట్టిపనినీ, మాలు కలపడాన్నీ అనుభవాన్ని బట్టి అర్ధనిపుణ, నిపుణ వృత్తులుగా చేర్చాలని కార్మిక సంఘాలూ, కులసంఘాలూ కలిసి అడగాలి. సాంకేతిక విద్యాశాఖ చేయగలిగింది ఇంకా తేలిక: డిప్లొమా పరీక్షల్లో వృత్తిపదాన్ని సరైన సమాధానంగా అంగీకరిస్తూ ఒక ఉత్తర్వు. సత్యవేడు పరిసరాల నుంచి వడ్డె పెద్దనొకరిని, సిత్తాళు పనిచేసిన తల్లినొకరిని ప్రయోగశాల తరగతికి పిలిపించి, అతిథి అధ్యాపకులకిచ్చే గౌరవవేతనమే వారికీ ఇవ్వాలని మా కళాశాలలో నేను ప్రతిపాదన పెట్టాను. విద్యార్హత గడిలో ఏమి రాయాలని కార్యాలయం అడిగింది.