వస్తువుల ఫోటోలు - వెలుతురు అమరిక

కొండపల్లి బొమ్మనో, పెడన కలంకారీ బట్టనో, చిలకలపూడి నగనో కొనువారు ఒకప్పుడు దానిని చేతిలోనికి తీసికొని, త్రిప్పి చూచి, బేరమాడి కొనెడివారు. నేడు అవి దూరప్రాంతముల వారికి చాలవరకు ఫోటో ద్వారానే కనబడుచున్నవి. కొనువాని కంటికిని, చేతికిని బదులుగా ఆ ఒక్క చిత్రమే నిలుచుచున్నది. చిత్రములో దానిమ్మ పువ్వువలె ఎర్రగా కనబడిన బట్ట ఇంటికి చేరిన పిదప ఇటుకరంగుగా తేలినచో తిరుగు టపాలో వెనుకకు వచ్చును. ఆ నష్టము అమ్మినవాడు భరింపవలసి వచ్చుట కద్దు.

వస్తువు ఫోటోను సాక్ష్యముగా ఎంచుట క్రొత్త సంగతి కాదు. ఛాయాగ్రహణ విద్యకు ఆద్యులలో ఒకడైన ఇంగ్లండు దేశీయుడు ఫాక్స్ టాల్బట్ 1844లో వెలువరింప మొదలిడిన గ్రంథమున, అరలలో పేర్చిన పింగాణి సామానుల చిత్రమొకటి గలదు. దొంగ వాటిని ఎత్తుకొనిపోయినచో ఆ చిత్రమును న్యాయస్థానమున చూపవచ్చునని ఆయన ముచ్చటించెను.

ఇట్టి చిత్రమునకు కెమెరా ఖరీదు కన్న వెలుతురు అమరిక ముఖ్యము. వస్తువును చూచుట యనగా దానిపై పడి మరలివచ్చు కాంతిని చూచుటయే. గరుకైన ఉపరితలము కాంతిని అన్ని దిక్కులకు వెదజల్లును. నునుపైనది అద్దమువలె ఒకే దిక్కునకు పంపును. పైన చెప్పిన మూడు వస్తువులకు మూడు విధములైన వెలుతురు కావలసి వచ్చుటకు ఇదియే మూలకారణము.

కొండపల్లి బొమ్మను తేలికయైన తెల్లపొణికి కర్రతో చెక్కి, భాగములను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేయుదురు. కెమెరాకు అంటియున్న ఫ్లాష్ దీపముతో తీసినచో ఆ బొమ్మ అట్టముక్కవలె బల్లపరుపుగా కనబడును. దీపము, కెమెరా ఒకేచోట ఉన్నప్పుడు నీడలన్నియు బొమ్మ వెనుకకు దాగిపోవుటయే దీనికి కారణము. గుండ్రదనమును కంటికి తెలుపునవి ఆ నీడలే. దీపమును ప్రక్కకు, కొంచెము పైకి జరిపినచో తలపాగా మడతలు, ఉలి గాట్లు బయటపడును.

అయితే చిన్న బల్బు వేయు నీడ కత్తితో కోసినట్లుండును. నీడ అంచు మెత్తబడవలెనన్న, బొమ్మ ఉన్నచోటి నుండి చూచినప్పుడు దీపము పెద్దదిగా కనబడవలెను. సూర్యుడు ఎంత పెద్దవాడైనను భూమి నుండి అర డిగ్రీ వెడల్పు మాత్రమే కనబడును. అందుచేతనే ఎండలో నీడలు అంత కటువుగా నుండును. మబ్బు పట్టిన నాడు ఆకాశమంతయు ఒకే దీపమగును. ఇంటిలో ఈ పని ఒక తెల్లని మల్లు పంచె చేయగలదు. దానిని చట్రమునకు బిగించి బల్బునకును బొమ్మకును నడుమ నిలిపినచో గుడ్డయంతయు దీపమగును. ఎదుటి ప్రక్కన ఒక తెల్ల అట్ట పెట్టినచో నీడ ఇంకను తేటపడును.

దశావతారముల బొమ్మలను వరుసగా నిలిపి తీయునప్పుడు వేరొక చిక్కు వచ్చును. చిన్న దీపమునుండి వచ్చు కాంతి తీవ్రత దూరము రెట్టింపైనచో నాలుగవ వంతునకు తగ్గును. దీపము మొదటి బొమ్మకు 50 సెంటీమీటర్లు, చివరిదానికి 100 సెంటీమీటర్లు దూరమున ఉన్నచో మత్స్యమూర్తి వెలిగిపోవును, కల్కి చీకటిలో నుండును. దీపమును వెనుకకు జరిపి ఆ దూరములను 200, 250 సెంటీమీటర్లు చేసినచో చివరి బొమ్మకు మొదటిదానికి అందిన కాంతిలో 64 శాతము అందును. కాని దూరము పెరిగినకొలది దీపము చిన్నదై నీడలు మరల కటువగును గనుక గుడ్డ తెరను కూడ పెద్దది చేయవలెను.

ఎనామిల్ రంగు పూసిన బొమ్మపై తెల్లని మెరుపు మరకలు వచ్చును. 1815లో డేవిడ్ బ్రూస్టర్ కనుగొనిన నియమము ఇచ్చట అక్కరకు వచ్చును. గాజు వంటి ఉపరితలమునుండి, లంబమునకు సుమారు 56 డిగ్రీల కోణమున పరావర్తనము చెందిన కాంతి ధ్రువణము చెందియుండును. లెన్సు ముందు పోలరైజర్ అను ఫలకము నుంచి మెల్లగా త్రిప్పినచో ఒకచోట ఆ మెరుపు మాయమై అడుగునున్న రంగు కనబడును.

నగల విషయములో ఈ ఉపాయము అంతగా పారదు. లోహమునుండి పరావర్తనమైన కాంతికి అట్టి పూర్తి ధ్రువణము కలుగదు. చిలకలపూడి నగపై బంగారు పూత వంపు తిరిగిన అద్దము వంటిది. దాని ఫోటోలో కనబడునది చాలవరకు నగలో ప్రతిబింబించు గదియే. తలుపు, కిటికీ ఊచలు, కెమెరా పట్టినవాని చొక్కా, అన్నియు గాజుపై చారలుగా తేలును. నగచుట్టు తెల్లని గుడ్డతో చిన్న గుడారము కట్టి, బయటినుండి వెలుతురు పంపి, ఒక రంధ్రమునుండి కెమెరాతో చూచినచో ఈ బాధ తీరును. కాని అంతయు తెలుపే ప్రతిబింబించినప్పుడు లోహము తన మెరుగు కోల్పోయి పసుపుకొమ్మువలె కనబడును! అందుచేత గుడారము లోపల అక్కడక్కడ నల్లకాగితపు పేలికలు నిలుపుదురు. వాని ప్రతిబింబములు నగ అంచులకు సన్నని గీతలు గీయును. రాళ్ళు తళుక్కుమనుటకు మాత్రము విడిగా ఒక చిన్న, సూటియైన దీపము కావలెను.

ఈ మూటిలో కష్టమైనది కలంకారీ బట్ట. ఇందు ఆకారము కన్న రంగు ప్రధానము. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానవైచి ఆరబెట్టుదురు. ఇనుము, బెల్లము ఊరవేసిన కసిమి తగిలినచోట కరక్కాయతో కలిసి నలుపు పుట్టును. పటిక అద్దినచోట ఎరుపు నిలుచును. మిగిలిన నేల తరచుగా వెన్నరంగున నుండును. కెమెరాలోని స్వయంచాలక వర్ణ సవరణ ఈ వెన్నరంగును దీపము తెచ్చిన దోషముగా భ్రమించి తుడిచివేయును! అప్పుడు నేల తెల్లబడి, ఎరుపు చల్లబడి, ఫోటోలో మిల్లుబట్ట తయారగును. బట్ట ప్రక్కన తటస్థమైన బూడిదరంగు అట్ట నుంచి, ముందుగా దానిని బట్టి కెమెరాను సరిచేసికొనుట దీనికి మందు.

దీపము కూడ తగినదై యుండవలెను. మధ్యాహ్నపు ఎండ వర్ణ ఉష్ణోగ్రత సుమారు 5500 కెల్విన్ డిగ్రీలు, పాత తంతుబల్బుది సుమారు 2700. రెండును కలిసి పడినచో బట్ట ఒకవైపు నీలి చాయగను, మరియొకవైపు పసుపు చాయగను తేలును. దానిని ఒక్క సవరణతో దిద్దుట సాధ్యము కాదు. చౌక ఎల్.ఇ.డి. దీపములు కొన్నిటిలో ముదురు ఎరుపు కాంతి తక్కువ. అట్టి వెలుతురులో కలంకారీ ఎరుపు మసకబారును. వర్ణదర్శన సూచి 95కు తగ్గని దీపము మేలు.

ఖర్చులేని దీపము ఉత్తరపు కిటికీ అని యూరపు పుస్తకములు చెప్పును. ఆ మాట విజయవాడకు పూర్తిగా వర్తింపదు. ఈ పట్టణము 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. మే మొదటి వారమునుండి ఆగస్టు మొదటి వారమువరకు ఇచ్చట మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా పోవును. ఆ నెలలలో ఉత్తరపు కిటికీకి కూడ పంచె కట్టవలసినదే.

చేతి అచ్చు పడిన బట్టలో అచ్చునకు అచ్చు కలియు చోట వెంట్రుకవాసి ఎడమో, రంగు కొంచెము అతివ్యాప్తియో ఉండును. ఫోటో తీసిన పిమ్మట కంప్యూటరులో వీనిని చెరిపివేసి ‘శుభ్రము’ చేయువారున్నారు. ఇది బొత్తిగా తగని పని. స్క్రీన్ మీద అద్దిన నకళ్ళనుండి చేతిపనిని వేరుపరచి చూపు గుర్తులలో ఈ అతుకులు ముఖ్యమైనవి. అందుచేత బట్ట మొత్తము కనబడు చిత్రముతోపాటు, అతుకు కలిసిన చోటును దగ్గరనుండి ఒకటియు, బట్ట తిరుగువైపు ఒకటియు తీయుదురు. దగ్గరి చిత్రమునకు దీపమును బట్టకు దాదాపు సమాంతరముగా, ప్రక్కనుండి ప్రసరింపజేసినచో నూలుపోగులు కూడ లెక్కింప వీలుగా కనబడును.