మందారం చెప్పిన సముద్రం సంగతి

పిల్లలూ! ఈసారి రామకృష్ణా బీచికి వెళ్ళినప్పుడు ఒక సీసాడు సముద్రపు నీరు తెచ్చుకోండి. నాలుగు ఎర్ర మందారాల రేకులను వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి వడకట్టండి. లిట్మస్ కాగితం లేకపోయినా ఇదే మన సూచిక.

మూడు గాజు గ్లాసుల్లో నిమ్మరసం, వంటసోడా నీళ్ళు, సముద్రపు నీరు విడివిడిగా తీసుకొని, మందార రసం చుక్కలు చుక్కలుగా వేయండి. నిమ్మరసం ముదురు గులాబీరంగుకు వస్తుంది, అది ఆమ్లం. సోడానీరు పచ్చబడుతుంది, అది క్షారం. మరి సముద్రం? అది సోడా పక్షమే! సోడాలోని బైకార్బొనేటే సముద్రంలోనూ కరిగి ఉంది. నదులు కొండరాళ్ళను కరిగించి తెచ్చిన సరుకు అది.

ఎంత క్షారమో అంకెల్లో చెప్పే పి.హెచ్. కొలతను 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ఏర్పరిచాడు. 7 తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె తగ్గితే హైడ్రోజన్ అయానులు పది రెట్లవుతాయి.

యంత్రయుగానికి ముందు ప్రపంచ సముద్రాల పైనీటి పి.హెచ్. సగటున సుమారు 8.2, ఇప్పుడు సుమారు 8.1. ఇంతేనా అనకండి. అయానులు పాతిక శాతం దాకా పెరిగాయన్నమాట! ఉక్కు కొలిమిలో బొగ్గు, రేవుకొచ్చే ఓడలో చమురు మండినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడులో కొంత సముద్రంలో కరుగుతుంది. అప్పుడు గవ్వల పురుగులు పెంకు కట్టుకోవడానికి కావలసిన కార్బొనేటు తగ్గుతుంది.

ఇంత చిన్న తేడా మందారానికి అందదు, దానికి పి.హెచ్. మీటరు కావాలి. అయితే మూడో గ్లాసులో స్ట్రా పెట్టి కొన్ని నిమిషాలు ఊదండి (పీల్చకండి సుమా!). మీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడుకే పచ్చదనం వెనక్కు తగ్గడం కనిపిస్తుంది.