కంటి పరీక్ష ఉచితమే, కాని ఏ పరీక్ష?

గోదావరిఖని, రామగుండంలోని చాలా కుటుంబాలకు కంటి పరీక్ష కోసం రూపాయి ఖర్చు పెట్టే అవసరం లేదు. సింగరేణి కార్డు ఉన్నవాళ్లకు ఏరియా ఆసుపత్రి ఉంది. ఏ కార్డూ లేనివాళ్లకు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. 2022 నవంబర్‌లో మొదలైన మెడికల్ కాలేజీకి అదే బోధనాసుపత్రి. లయన్స్ క్లబ్ వాళ్ల క్యాంపులూ ఉంటాయి. అద్దాల షాపులో కంప్యూటర్ టెస్టుకు కూడా చాలాచోట్ల డబ్బు తీసుకోరు. అయినా నలభై ఐదు దాటాక ఫోన్‌ను బారెడు దూరం పెట్టి చదివేవాళ్లు ఏ క్వార్టర్‌లో చూసినా ఉన్నారు. వాళ్లకు అడ్డం వస్తున్నది డబ్బు ఒక్కటే కాదు. ఎక్కడ ఏం చూస్తారో, ఏం చూడరో తెలియకపోవడం, పరీక్ష కోసం ఒక మస్టర్ (రోజు హాజరు) పోవడం అంతకన్నా ఎక్కువ అడ్డం వస్తున్నాయి.

ముందు ఈ ప్రాంతం లెక్క చూద్దాం. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు చోట్ల 10,293 మంది కళ్లు పరీక్షించింది. ఆ నాలుగింటిలో ఆదిలాబాద్ జిల్లా ఒకటి. గోదావరి దాటితే వచ్చే మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు ఊళ్లన్నీ అప్పుడు ఆ జిల్లాలోనివే. సర్వే మొత్తమ్మీద నూటికి 1.84 మందికి, అంటే సుమారు 54 మందిలో ఒకరికి అంధత్వం ఉందని తేలింది. కారణాల్లో 44 శాతం మోతిబిందు. 16.3 శాతం మాత్రం కేవలం చూపు దోషం. ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. వీళ్లకు ఆపరేషన్ అక్కర్లేదు, మందు అక్కర్లేదు. సరైన అద్దాలు పెట్టుకుంటే చాలు, చూపు వచ్చేది. ఆ అద్దాలు లేకనే అంధుల లెక్కలోకి వెళ్లారు.

తర్వాత పరిస్థితి మెరుగైంది. 2015-19 జాతీయ సర్వే ప్రకారం దేశంలో అంధత్వం 0.36 శాతానికి తగ్గింది. కానీ యాభై దాటినవాళ్లలో అది ఇంకా 1.99 శాతం. ఆ అంధుల్లో మూడింట రెండు వంతుల మందికి కారణం మోతిబిందే.

రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా కంటి పరీక్షలు చేసిన కంటి వెలుగు ఇక్కడ అందరికీ గుర్తుంటుంది. 2018 ఆగస్టు 15న మొదలైన తొలి విడతలో సుమారు 1.54 కోట్ల మందిని, 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైన రెండో విడతలో సుమారు 1.61 కోట్ల మందిని పరీక్షించారు. రెండో విడతలో ఇచ్చిన అద్దాలు దాదాపు 40 లక్షలు. అంటే టెంటు దాకా వచ్చిన ప్రతి నలుగురిలో ఒకరికి అద్దాలు అవసరమయ్యాయి. ఆ రెండు విడతలూ ముగిసిపోయాయి, అద్దాలు మాత్రం ఇంకా ముక్కుల మీదే ఉన్నాయి. చత్వారం పవర్ ఒకచోట నిలవదు. నలభై దాటాక +1.00 దగ్గర మొదలై, యాభై దాటేసరికి +2.00కు, అరవై నాటికి +2.50కు దగ్గరవుతుంది. 2018లో నలభై ఐదేళ్ల వయసులో తీసుకున్న అద్దాలు ఇప్పటికీ అవే అయితే, అవి సరిపోవని వేరే చెప్పక్కర్లేదు.

అద్దాల షాపు సంగతికొద్దాం. గడ్డం ఆనించి, మెషీన్‌లో కనిపించే బొమ్మ వైపు చూస్తే నిమిషంలో చిన్న చీటీ వస్తుంది. అందులో ఎస్‌పీహెచ్ అంటే మైనస్ లేదా ప్లస్ పవర్, సీవైఎల్ అంటే అడ్డ పవర్, ఏఎక్స్ అంటే ఆ అడ్డ పవర్ ఏ కోణంలో ఉందో చెప్పే అంకె. కుడి కంటికి ఒక వరస, ఎడమ కంటికి ఒక వరస. ఈ చీటీ ఒక అంచనా మాత్రమే. దాని తర్వాత ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, అద్దాలు మార్చి మార్చి, బోర్డు మీద అక్షరాలు చదివించాలి. చదువు రానివాళ్లకు నాలుగు దిక్కులకూ తిరిగిన ఇంగ్లిష్ 'ఈ' గుర్తు చూపించి, కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపమనాలి. మెషీన్ చీటీ మీదే అద్దాలు కోసి ఇచ్చేవాళ్ల దగ్గర టెస్టు ఫ్రీ అయినా తీసుకోకండి.

షాపులో మామూలుగా కంటి ఒత్తిడి చూడరు, చుక్కలు వేసి కంటి వెనక పొర చూడరు. నీటి కాసులు అనే జబ్బు నొప్పి లేకుండా పక్క చూపును తినేస్తుంది. మధ్య చూపు బాగానే ఉంటుంది కాబట్టి మనిషి 6/6 చదివేస్తాడు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం కూడా మొదట్లో అంతే, పోయిన చూపు చాలాసార్లు తిరిగి రాదు. అందుకే షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి, నలభై దాటినవాళ్లు రెండేళ్లకోసారైనా డాక్టర్ చేత కంటి వెనక భాగం చూపించుకోవాలి. ఈ పరీక్షకు కంపెనీ ఆసుపత్రి, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. కంటి డాక్టర్ ఏ రోజుల్లో ఓపీ చూస్తారో ముందే కనుక్కుని వెళ్లండి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది, వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది. ఆ పూట బండి నడపకూడదు. డంపర్ ఆపరేటర్లు ప్లే డే (వారపు సెలవు) నాడు పెట్టుకోవడం మేలు.

రిటైరైన కార్మికుల్లో సీపీఆర్ఎంఎస్ (రిటైరయ్యాక వైద్యం ఇచ్చే కంపెనీ పథకం) కార్డు ఉన్నవాళ్లకు భార్యాభర్తలిద్దరికీ కలిపి 8 లక్షల రూపాయల దాకా వైద్యం ఉంది. మోతిబిందు ముదిరే దాకా ఆగాలన్నది పాత మాట. చూపు పనికి అడ్డొస్తే ఆపరేషన్‌కు అదే సమయం.

క్యాంపుల మీద కొందరికి అనుమానం ఉంటుంది, ఊరికే ఎందుకు చేస్తారని. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976లో మొదలైంది. దాని కింద స్వచ్ఛంద ఆసుపత్రికి ఉచితంగా చేసిన ఒక్కో మోతిబిందు ఆపరేషన్‌కు 2,000 రూపాయల గ్రాంటు వస్తుంది, మిగతాది దాతలు భరిస్తారు. కరీంనగర్ దగ్గర రేకుర్తి లయన్స్ కంటి ఆసుపత్రి పేరు ఈ చుట్టుపక్కల పల్లెల్లో తెలియనివాళ్లు తక్కువ. క్యాంపు అనగానే భయపడాల్సింది లేదు. ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో చేస్తారు, తర్వాత ఎన్నిసార్లు చూస్తారు, కన్ను ఎర్రబడితే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి మాత్రం అడిగి తెలుసుకోవాలి. చెప్పలేకపోతే ఇంకో క్యాంపు చూసుకోండి.

పరీక్ష ఉచితమైనా అద్దాలు చాలావరకు కొనాల్సిందే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చూపు అద్దాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. వెయ్యి రూపాయల అద్దాలకు అప్పుడు 1,120 అయితే, ఇప్పుడు 1,050. బిల్లు అడిగితేనే ఆ డెబ్బై మీకు దక్కిందో లేదో తెలుస్తుంది. పరీక్ష ఒకచోట చేయించుకుని అద్దాలు ఇంకోచోట కొనుక్కోవచ్చు. చీటీ మీది, అడిగి తీసుకోండి.

కాంట్రాక్టు కార్మికుడి లెక్క వేరు. రోజు కూలి 600 అనుకుంటే, ఉచిత పరీక్షకు ఒక పూట, అద్దాలకు ఇంకో పూట పోతే అతనికి అది ఉచితం కాదు. కానీ ఆ ఖర్చు తిరిగొస్తుందని చెప్పే లెక్కలున్నాయి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కార్మికులపై జరిగిన అధ్యయనం 2018లో అచ్చయింది. దగ్గరి చూపు అద్దాలు అందినవాళ్ల ఉత్పత్తి అందనివాళ్లకన్నా 21.7 శాతం ఎక్కువ పెరిగింది. బంగ్లాదేశ్‌లో ఇలాంటి అద్దాలే ఇస్తే ఆదాయం 33.4 శాతం పెరిగిందని 2024లో తేలింది. చౌక అద్దాలే అవి.

బొగ్గు బాయి పనికీ కంటికీ ఉన్న లంకె కొత్తది కాదు. మసక దీపాల వెలుగులో ఏళ్ల తరబడి పనిచేసిన బ్రిటన్ గని కార్మికులకు కనుగుడ్లు ఆగకుండా ఊగే జబ్బు వచ్చేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అక్కడి చట్టం దాన్ని పరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుగా గుర్తించింది. కరెంటు క్యాప్ ల్యాంపులొచ్చాక అది తగ్గిపోయింది.

మన దగ్గర 1955 నాటి గనుల నిబంధనలు గనిలో పనిచేసే ప్రతి మనిషికీ ఐదేళ్లకు మించకుండా వైద్య పరీక్ష చేయించే బాధ్యత యాజమాన్యం మీద పెట్టాయి. ఇక్కడ అందరూ పీఎంఈ అనేది దాన్నే. 'ప్రతి మనిషి' అన్న మాటలో పర్మనెంట్, కాంట్రాక్టు తేడా లేదు. కాంట్రాక్టు కార్మిక సంఘాలు పట్టుబట్టి అడగాల్సిన హక్కు ఇది. అడగకపోతే రాదు.

పీఎంఈలో కంటి భాగం ఎంత అన్నది ఫారం 'ఓ' చూస్తే తెలుస్తుంది. కుడి ఎడమ కళ్ల దూరపు చూపు, కంటి జబ్బు ఏమైనా ఉందా, అవసరమైన కేసుల్లో రేచీకటి, మెల్ల. దగ్గరి చూపుకు గడి లేదు, కంటి ఒత్తిడికీ లేదు. కాబట్టి ఫిట్ అని రాసినంత మాత్రాన చత్వారం లేదనీ, నీటి కాసులు లేవనీ కాదు. పరీక్షకు వెళ్లిన రోజే దగ్గరి చూపు కూడా చూడమని డాక్టర్‌ను అడగండి. ఆ ఫారం మూడు ప్రతుల్లో ఇవ్వాలి. ఒకటి పరీక్ష చేసినవాళ్ల దగ్గర ఉంటుంది, ఒకటి మేనేజర్‌కు పోతుంది, మూడోది కార్మికుడి చేతికే ఇవ్వాలి. మీ ప్రతిలో కుడి కన్ను, ఎడమ కన్ను ఎదురుగా ఏ అంకెలున్నాయో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే, ఐదేళ్ల తర్వాత రెండో ఫారంతో పోల్చి చూపు ఎంత తగ్గిందో మీరే చెప్పగలరు.