మీకు తెలుసా? బురదలో బెల్టు ఫ్యానే నమ్మకం
సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదలగానే మిర్యాలగూడ వైపు పొలాల్లో దమ్ము మొదలవుతుంది. ట్రాక్టర్ నడక నెమ్మది, ఎదురుగాలి తగలదు. రేడియేటర్‌ను చల్లార్చే భారమంతా ఫ్యాన్‌దే. ట్రాక్టర్లలో అది సాధారణంగా బెల్టుతో తిరుగుతుంది. ఇంజన్ వేగం పెరిగితే గాలీ పెరుగుతుంది. వైరింగ్, సెన్సర్ల బెడద లేదు కనుక బురదకు ఇదే మేలు.

అమ్రాబాద్ రాళ్ల దారిలో తక్కువ ఆర్‌పీఎంతో పాకే జీపు సంగతి వేరు. అక్కడ బెల్టు ఫ్యాన్ మందగిస్తుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ మాత్రం ఇంజన్ వేగంతో పనిలేకుండా తిరుగుతుంది. స్విచ్ పెట్టించుకుంటే వాగు దాటేటప్పుడు ఆపేయొచ్చు కూడా. లోతు నీళ్లలో తిరిగే ఫ్యాన్ రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను చీల్చే ప్రమాదముంది.

రేడియేటర్ జాలీలో గడ్డి, పొట్టు ఇరుక్కుంటే ఏ ఫ్యానూ కాపాడలేదు. ఇంజన్ చల్లారాక శుభ్రం చేయండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంజన్ ఆపాక కూడా తిరగొచ్చు, వెంటనే చేయి పెట్టకండి.